స్టిఫ్ లిటిల్ ఫింగర్స్ పాడేది పాత జ్ఞాపకాలు కాదు

అరవై ఏడేళ్ళొచ్చాక పంక్ పాడటమేంటి, పెన్షన్ వయసులో ఆ కోపం ఎక్కడ్నుంచొస్తుంది, పాత రోజుల్ని అమ్ముకోవడం కాకపోతే అని మా ఆఫీసులో ఒకాయన అన్నాడు. గ్లాస్గోలో బారోలాండ్ అనే హాల్లో స్టిఫ్ లిటిల్ ఫింగర్స్ అనే పంక్ బ్యాండ్‌ని (పంక్ అంటే కోపాన్ని సూటిగా, గట్టిగా పాడే రాక్) చూసొచ్చిన మర్నాడే ఆ మాట అన్నాడు, నాకు ఒళ్ళు మండిపోయింది. లంచ్ బ్రేక్‌లో తేలే విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

ఈ బ్యాండ్ పుట్టింది 1977లో, ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో. బ్రిటన్‌లోనే ఉండాలనేవాళ్ళకీ ఐర్లండ్‌లో కలవాలనేవాళ్ళకీ మధ్య నెత్తురు పారుతున్న రోజులవి. బాంబులు, సైనికుల చెకింగులు, నువ్వే వీధిలో పుట్టావో చూసి నువ్వెవరి మనిషివో జనమే తేల్చేసే ఊరు. 1975లో మయామీ షోబ్యాండ్ అనే ఐరిష్ బ్యాండ్ వాళ్ళు ప్రోగ్రాం ముగించుకుని వ్యాన్‌లో ఇంటికెళ్తుంటే దొంగ చెక్‌పోస్ట్ పెట్టి ఆపి ముగ్గుర్ని చంపేశారు, ఆ తర్వాత బయటి బ్యాండ్లు అటు రావాలంటేనే వణికాయి. 1977 అక్టోబర్‌లో లండన్ పంక్ బ్యాండ్ ద క్లాష్ వస్తే ఇన్సూరెన్స్ దగ్గర తేడా కొట్టి అల్‌స్టర్ హాల్ షో ఆగిపోయింది. అలాంటి ఊళ్ళో డీప్ పర్పుల్ పాటలు వాయించుకునే కుర్రాళ్ళు పేరు మార్చుకుని, గోర్డన్ ఓగిల్వీ అనే జర్నలిస్ట్ మీ బతుకుల గురించే రాయండ్రా అంటే నిజంగానే రాశారు. 1978లో మొదటి రికార్డు సొంత లేబుల్ మీద వేసుకున్నారు, బీబీసీ రేడియోలో కొత్త బ్యాండ్లని వినిపించే జాన్ పీల్ దాన్ని మళ్ళీ మళ్ళీ వేశాడు. 1979లో వచ్చిన ఇన్‌ఫ్లేమబుల్ మెటీరియల్ వీళ్ళ మొదటి ఆల్బమ్, రఫ్ ట్రేడ్ అనే రికార్డు కంపెనీకి కూడా అదే మొట్టమొదటి ఆల్బమ్, చిన్న కంపెనీ రికార్డు అయ్యుండి బ్రిటన్ చార్టుల్లో 14వ స్థానం దాకా వెళ్ళింది.

బాధల్ని అమ్ముకుంటున్నారనే మాట అప్పుడే పడింది, ఉత్తర ఐర్లండ్‌లోనే ఉన్న డెర్రీ నుంచొచ్చిన ది అండర్‌టోన్స్ అనే బ్యాండ్ వాళ్ళు కూడా అన్నారు. నాకు అండర్‌టోన్స్ అంటే ప్రాణం, అయినా ఈ విషయంలో వాళ్ళతో ఒప్పుకోను. మీ సైన్యమూ వద్దు, మీ రహస్య సైన్యాలూ వద్దు, నా ప్రాణం మీ జెండా కోసం కాదు అని ఇరవయ్యేళ్ళ పిల్లాడు ఆ ఊళ్ళోనే నిలబడి పాడటం బేరమెలా అవుతుంది? ఇంటికి తిరిగి నడిచెళ్ళాల్సింది ఆ వీధుల్లోనే కదా.

ఇప్పుడు చూడండి. అప్పటి ఆ పిల్లాడే, గాయకుడు జేక్ బర్న్స్, గొంతులో ఆ గరుకు అలాగే ఉంది, పక్కన అలీ మెక్‌మోర్డీ బాస్ వాయిస్తున్నాడు, మొదటి ఆల్బమ్ నాటి మనిషి, మధ్యలో ఏళ్ళ తరబడి లేడు, 2006లో తిరిగొచ్చాడు. పైన చెప్పిన ఆ సైన్యాలొద్దనే పాట, వేస్టెడ్ లైఫ్, మొదలవగానే హాలు మొత్తం ఒక్క గొంతైంది, నా ముందు నెరిసిన జుట్టాయన, పక్కనే ఆయన కూతురనుకుంటా, ఇద్దరికీ ప్రతి లైనూ నోటికొచ్చు. ఇరవయ్యేళ్ళప్పుడు చావను, చంపను అనడం ఒక పంతం. ఆ మాట మీదే బతికి, ఆ గొడవల్ని ఆపిన 1998 శాంతి ఒప్పందాన్నీ చూసి, అదే పాట అరవై ఏడులో పాడితే అది సాక్ష్యం! రికార్డులో లేనిది నాకక్కడ దొరికింది అదే.

పైగా వీళ్ళు 1979 దగ్గరే ఆగిపోలేదు. 2014 ఆల్బమ్‌లో మై డార్క్ ప్లేసెస్ అని ఒక పాట ఉంది, జేక్ తన డిప్రెషన్ మీద రాసుకున్నది. దాని గురించి దాచకుండా మాట్లాడతాడు, సాయం అడగమంటాడు. నోరు విప్పి బాధ చెప్పుకోవడం చేతకాని తరం మగాళ్ళు నిండిన హాల్లో ఆ పాట వినపడటం ఎంత పెద్ద విషయమో మా ఆఫీసాయనకి ఎలా చెప్పను? ఇదా పాత రోజుల్ని అమ్ముకోవడం?

మనవాళ్ళకైతే ఇంత వివరించక్కర్లేదు. 1997లో కాల్పులు జరిగాక ఒంట్లో ఒక తూటా ఉండిపోయినా 2023లో పోయేదాకా గద్దర్ గజ్జె కట్టి పాడుతూనే ఉన్నాడు. ఆయన రాజకీయాలతో తగువు పడ్డవాళ్ళు కోకొల్లలు, నేనూ కొన్నిట్లో పడతా, కానీ వయసైపోయింది కదా ఇంక ఆ పాటలెందుకు అని అడిగినవాణ్ణి నేనైతే చూళ్ళేదు.

గ్లాస్గోలో, ఎడిన్‌బరాలో చదువుకుంటున్న మన పిల్లలెవరైనా ఉంటే, వీళ్ళు మళ్ళీ బారోలాండ్‌కి వచ్చినప్పుడు నాకు మెసేజ్ పెట్టండి, కలిసి వెళ్దాం. ఈలోపు ఆ మొదటి ఆల్బమ్ ఒకసారి పూర్తిగా వినండి, అందులో బాబ్ మార్లీ పాట జానీ వాజ్‌ని ఎనిమిది నిమిషాల పైన లాగి లాగి బెల్‌ఫాస్ట్ పాట చేసేశారు, దాన్ని మాత్రం స్కిప్ చెయ్యొద్దు.