7 నిమిషాల 15 సెకన్ల కెరీర్

మిడిల్ డిస్టెన్స్ పరుగులో, అంటే 800, 1500 మీటర్ల లాంటి మధ్యస్థ దూరాల్లో, ప్రపంచానికే పెద్దన్న ఎవరని అడిగితే ఎవరైనా కెన్యా అంటారు, ఈ మధ్య ఒలింపిక్స్ చూసినవాళ్లు నార్వే అంటారు. ఇద్దరూ తప్పే. పోలీస్ నోటిఫికేషన్ పడబోతోందని ఫోన్లలో పుకారు తిరిగిన మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకి, మన రెండు రాష్ట్రాల్లో ఏ జిల్లా కేంద్రంలోనైనా సరే, డిగ్రీ కాలేజీ గ్రౌండ్‌కి వెళ్లి చూడండి. చెవుల్లో పాటలు పెట్టుకుని, కొందరు బూట్లతో, కొందరు ఒట్టి కాళ్లతో, గ్రౌండ్ చాలకపోతే బైపాస్ రోడ్డెక్కి మరీ 1600 మీటర్లు కొడుతుంటారు. ఇంతమంది కుర్రాళ్లు ఒకే దూరాన్ని ఇంత భక్తిగా సాధన చేసే చోటు భూమ్మీద ఇంకోటి ఉందంటే నేను నమ్మను. అయినా ఒలింపిక్స్‌లో 800 మీటర్లో 1500 మీటర్లో ఫైనల్లో మనవాడు కనిపించింది 1976లో, మళ్లీ కనిపించలేదు. దానికి నిపుణులు ఆహారం అంటారు, సింథటిక్ ట్రాకులు అంటారు, జన్యువులు అని కూడా అంటారు. పాపం వాళ్లకి అసలు సంగతి అర్థం కాలేదు. మిగతా ప్రపంచమంతా పరుగెత్తడం కోసం ఉద్యోగం మానేస్తుంటే, మనం ఉద్యోగం వస్తే పరుగు మానేయొచ్చని పరుగెత్తుతున్నాం. రెండూ రెండు వేరువేరు క్రీడలు, రెండో దాంట్లో మనకి పోటీ లేదు.

ఈ క్రీడ రూల్స్ తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. తెలంగాణ 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో మగవాళ్లకి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, ఆడవాళ్లకి 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు. మగవాళ్ల లెక్కలో 400 మీటర్ల రౌండుకి దాదాపు 109 సెకన్లు. ఇప్పుడు మొరాకో నుంచి హిషామ్ ఎల్ గెరూజ్‌ని పిలిపిద్దాం. 1998లో రోమ్‌లో 1500 మీటర్లు 3 నిమిషాల 26 సెకన్లలో పరుగెత్తి పాతికేళ్లు దాటినా చెక్కుచెదరని ప్రపంచ రికార్డు పెట్టినాయన. ఆయన వేగం రౌండుకి 55 సెకన్లు. ఆయన మన గ్రౌండ్‌కొచ్చి అదే ఊపులో 1600 కొట్టాడనుకోండి, సివిల్ కానిస్టేబుల్ పోస్టుకైతే ఏమిస్తారు? క్వాలిఫైడ్ అని రాస్తారు. 7:14కి కళ్లు తేలేసుకుంటూ లైన్ దాటినవాడికీ అదే రాస్తారు. ఇంతటి సమానత్వం ఏ దేశపు క్రీడా విధానంలో ఉందో నాకు చూపించండి. ఆ తర్వాత ఇద్దరూ 4 మీటర్ల లాంగ్ జంప్ దూకాలి, 7.26 కిలోల గుండు 6 మీటర్లు విసరాలి. గెరూజ్ ఒంటి మీద కండ ఏపాటిదో ఫొటోల్లో చూశాం, షాట్‌పుట్ దగ్గరే పోయే ప్రమాదం ఉంది. అదీ గట్టెక్కినా చివర్లో రాతపరీక్ష ఉంది, అక్కడ శాతవాహనుల రాజధాని అడుగుతారు. రెండు ఒలింపిక్ స్వర్ణాల మనిషి, ఏజ్ లిమిట్ దాటేదాకా హైదరాబాద్ అశోక్‌నగర్లో కోచింగ్ తీసుకుంటూ ఉండాల్సిందే.

మన పద్ధతిని నిజంగా అర్థం చేసుకున్న విదేశీయుడు చరిత్రలో ఒకే ఒక్కడున్నాడు, రోజర్ బానిస్టర్. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో మైలు దూరాన్ని 3 నిమిషాల 59.4 సెకన్లలో కొట్టి, నాలుగు నిమిషాల గోడ బద్దలుకొట్టిన తొలి మనిషి. మైలంటే మన 1600కి ఇంకో 9 మీటర్లు కలపడమే. ఆయన తర్వాత ఏం చేశాడు? ఆ ఏడాది ఆఖరుకల్లా పోటీలకి దండం పెట్టేసి డాక్టర్ ఉద్యోగంలో పడ్డాడు. రన్నింగ్ అయింది, పోస్టింగ్ వచ్చింది, ఇంక గ్రౌండ్‌తో పనేముంది? ఇంగ్లండ్‌లో పుట్టాడు గానీ మహబూబ్‌నగర్ కుర్రాడి బుర్ర.

ఆర్మీ వైపు వెళితే ఇంకాస్త గౌరవం ఉంది, ఒప్పుకోవాలి. అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు కొడితే 60కి 60 మార్కులు. కనీసం వేగానికి విలువ కట్టారు. ఉద్యోగం మాత్రం నాలుగేళ్లు, ఆ తర్వాత నూటికి పాతిక మందిని ఉంచుకుంటారు. ఒలింపిక్స్‌కీ ఒలింపిక్స్‌కీ మధ్య కూడా సరిగ్గా నాలుగేళ్లే కాబట్టి ఇందులో ఏదో దీర్ఘకాలిక క్రీడా ప్రణాళిక దాగి ఉందని నా అనుమానం, దాన్ని ఇంకా బయటపెట్టలేదంతే.

శిక్షణ సంగతికొద్దాం. నార్వేలో ఇంగెబ్రిగ్ట్‌సెన్ ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు పేరున్న రన్నర్లు. ఆ ముగ్గురిలో చిన్నవాడు యాకోబ్ టోక్యో ఒలింపిక్స్‌లో 1500 స్వర్ణం కొట్టాడు. వీళ్లు ప్రాక్టీసు మధ్యలో ఆగి, చిన్న సూదితో ఒక చుక్క రక్తం తీసి, అందులో లాక్టేట్, అంటే ఒళ్లు గట్టిగా కష్టపడేకొద్దీ రక్తంలో పెరిగే పదార్థం, ఎంతుందో మిషన్‌లో పెట్టి చూసుకుంటారు. ఎక్కువుంటే వేగం తగ్గిస్తారు. అంటే బాగా పరుగెత్తడం కోసం మెల్లిగా పరుగెత్తుతారన్నమాట. మన గ్రౌండ్‌లో ఈ మాట ఎవరైనా అంటే కోచింగ్ సెంటర్ సార్ ఫీజు వాపసిచ్చి పంపించేస్తాడు. మనకి పరికరాలన్నీ కలిపి సార్ మెడలో విజిల్, సార్ కింద బైక్. లాక్టేట్ ఎంతుందో తెలుసుకోవడానికి మిషనెందుకు, మూడో రౌండులో మొహం చూస్తే తెలియదా? ఇక ఆహారం: రాత్రి నానబెట్టిన శనగలు, రెండు ఉడికిన గుడ్లు, అరటిపండు, రేసుకి ముందు గ్లూకోజ్ పొడి అరచేతిలో పోసుకుని నాకడం. ఈ గ్లూకోజ్ రక్తంలోకి చేరే లోపు రేసే అయిపోతుందని ఒక డాక్టరుగారు అంటే, ఆయన ఏ సంవత్సరం ఈవెంట్స్ క్వాలిఫై అయ్యారో చెప్పమన్నారు మావాళ్లు. ఆయన దగ్గర సమాధానం లేదు.

వ్యూహం కూడా ఒకటే, తరతరాలుగా వస్తున్నది. విజిల్ వేయగానే మొదటి రౌండు అందరూ ప్రాణం పెట్టి ఉరుకుతారు. రెండో రౌండులో ఆలోచన మొదలవుతుంది. మూడో రౌండులో అమ్మానాన్న గుర్తొస్తారు. నాలుగో రౌండులో పొలం అమ్మి కట్టిన కోచింగ్ ఫీజు గుర్తొస్తుంది, దాంతో ఎక్కడినుంచో ఊపిరి వచ్చి లైన్ దాటేస్తారు. నార్వేవాళ్లకి ఈ చివరి సదుపాయం లేదు, అందుకే ఆ సూదులూ మిషన్లూ.

మొదటి రౌండు ఉరికే ఈ సంప్రదాయానికి మూలపురుషుడు శ్రీరామ్ సింగ్ అని నా సిద్ధాంతం. రాజస్థాన్ మనిషి, రాజ్‌పుతానా రైఫిల్స్ సైనికుడు, ఇలియాస్ బాబర్ అనే కోచ్ చేతిలో 800 మీటర్లకి తయారైనవాడు. 1974లో టెహ్రాన్‌లోనూ 1978లో బ్యాంకాక్‌లోనూ ఆసియా క్రీడల స్వర్ణాలు ఆయనవే. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ 800 ఫైనల్లో తుపాకీ పేలగానే ఈయన ముందుకెళ్లిపోయి మొదటి రౌండు 50.85 సెకన్లలో కొట్టాడు. ఒలింపిక్ ఫైనల్, మన దేశం జెర్సీ, అందరికంటే ముందు! ఆ తర్వాత క్యూబా ఆజానుబాహువు అల్బెర్టో జువాంటొరీనా పెద్దపెద్ద అంగలతో దాటేశాడు, 1:43.50తో ప్రపంచ రికార్డు పెట్టాడు, శ్రీరామ్ 1:45.77తో ఏడో స్థానంలో వచ్చాడు. తన రికార్డుకి శ్రీరామ్ వేసిన వేగం సాయపడిందని జువాంటొరీనాయే చెప్పాడు. అంటే క్యూబా స్వర్ణంలో మన వాటా ఎంతో కొంత ఉందన్నమాట, ఇంతవరకు అడగలేదు గానీ.

ఏడో స్థానమే కదా అని చప్పరించేవాళ్లకి మిగతా కథ చెప్పాలి. ఆ 1:45.77 మన జాతీయ రికార్డయింది. 42 ఏళ్లపాటు దాన్ని ఎవ్వరూ ముట్టుకోలేదు. ఆ రికార్డు పెట్టిననాడు ఎమర్జెన్సీ నడుస్తోంది, అది పోయే నాటికి జీఎస్టీ వచ్చేసింది. ఈ మధ్యలో బూట్లు మారాయి, ట్రాకులు మారాయి, విదేశీ కోచ్‌లొచ్చారు, బెంగళూరులో శిబిరాలు నడిచాయి, క్రీడామంత్రులు ఎంతమంది మారారో లెక్క లేదు. రికార్డు మాత్రం అలాగే ఉంది. గోల్కొండ కోటకి కూడా మనం ఇంత జాగ్రత్త తీసుకోలేదు. 2018 జూన్‌లో గువాహటిలో జిన్సన్ జాన్సన్ అనే కేరళ కుర్రాడు, ఈయనా ఆర్మీయే, 1:45.65 కొట్టి దాన్ని పడగొట్టాడు. 42 ఏళ్ల జాతి కృషికి ఫలితం సెకనులో నూటికి 12 వంతులు. దేశం మీద కోపంతో ఈ మాట అనడం లేదు, తొందరపడలేదని మెచ్చుకుంటున్నాను. కానీ 2025లో మహమ్మద్ అఫ్సల్ ఆ రికార్డునీ దాటేసి, అది చాలదన్నట్టు అదే ఏడాది 1:45 లోపలికి కూడా వెళ్లిపోయాడు. ఏడేళ్లకే! ఈ కుర్రకారుకి సంప్రదాయం మీద గౌరవం లేకుండా పోతోంది.

ఇక కెరీర్ అన్న మాట ఎత్తాం కాబట్టి 2018 జకార్తా ఆసియా క్రీడల్లో 800 ఫైనల్ గుర్తు చేసుకోవాలి. అందరూ జాన్సన్‌ని చూస్తుంటే, చివర్లో పక్కనుంచి మంజీత్ సింగ్ దూసుకొచ్చి 1:46.15తో స్వర్ణం ఎత్తుకెళ్లాడు. జాన్సన్‌కి రజతం, తర్వాత 1500లో స్వర్ణం. హర్యానాకి చెందిన ఈ మంజీత్‌కి అప్పుడు ఉద్యోగం లేదు. అంతకుముందున్న కాంట్రాక్టు ఉద్యోగం పోయింది, మళ్లీ ఇవ్వలేదు. ఇంట్లో నెలల పిల్లాడు, వాడి మొహం కూడా చూడకుండా శిబిరంలో ఉండి సాధన చేశాడు. ఆసియా ఛాంపియన్, నిరుద్యోగి. పెళ్లిచూపుల్లో ఈ రెండు ముక్కలూ చెబితే మన పెద్దవాళ్లు మొదటిది వింటారా, రెండోది వింటారా? అదే 1600 మీటర్లు 7:10కి కొట్టి, రాతపరీక్ష గట్టెక్కి, పోలీస్ డ్రెస్సులో ఫొటో దిగినవాడి ఇంటికి మధ్యవర్తులు చెప్పులరిగేలా తిరుగుతారు. ఈ విషయంలో సమాజానికి ఉన్న స్పష్టత మన క్రీడా సంఘాలకి లేదు.

నవ్వడానికి వీల్లేని సంగతి ఒకటి ఉంది, చెప్పి ముందుకెళతాను. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల రజతం గెలిచిన తమిళనాడు అమ్మాయి శాంతి సౌందరరాజన్ దగ్గర్నుంచి, లింగ పరీక్ష పేరుతో ఆ పతకం వెనక్కి లాక్కున్నారు. తర్వాత కొంతకాలం ఆమె ఇటుక బట్టీలో కూలికి పనిచేసింది. ఈ కెరీర్ మీద నేను ఎన్ని జోకులేసినా అవి దీనికంటే చిన్నవే.

మనవాళ్లెవరూ లేరా అంటారేమో, ఉన్నారు, అదీ దొడ్డిదారిన. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన మన తెలంగాణ అమ్మాయి నందిని అగసర 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం తెచ్చింది. ఏడు ఈవెంట్లలో ఆఖరిది 800 మీటర్లు, పతకం తేలింది అక్కడే. అంటే తెలుగువాళ్లు 800 మీటర్లని నిజంగా ఊపిరి బిగబట్టి చూడాలంటే దానికి ముందు హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్లు, లాంగ్ జంప్, జావెలిన్ కూడా కలిపి ఇవ్వాలి. ఒట్టి 800 మనకి ఆనదు.

కాబట్టి వరల్డ్ అథ్లెటిక్స్ వారికి నాదొక విన్నపం. 1500 అనే ఆ అడ్డదిడ్డం దూరం, ట్రాకు చుట్టూ మూడుముప్పావు రౌండ్లు, ఎవడికీ లెక్కకి అందదు. దాన్ని తీసేసి శుభ్రంగా నాలుగు రౌండ్లు, 1600 పెట్టండి. మొదట వచ్చినవాడికి బంగారం అనే భూస్వామ్య ఆలోచన వదిలి, 7:15 లోపు వచ్చిన ప్రతివాడికీ పతకం ఇవ్వండి. పతక పట్టికలో ఆ సాయంత్రానికే అమెరికా, చైనా మన వెనకుంటాయి. డోపింగ్ బెడద కూడా పోతుంది, శనగలకి నిషేధం లేదు కదా. అభ్యంతరం ఉన్నవాళ్లు హైకోర్టుకి వెళ్లొచ్చు, నోటిఫికేషన్ అన్నాక స్టే రావడం మాకు అలవాటే.

మొన్న మా వీధి చివర కిరాణా కొట్టాయన ఆపి అడిగాడు. "సార్, మావాడు ఇంటర్ ఫస్టియర్. 800 మీటర్లు నిమిషం యాభయ్యారు సెకన్లలో కొడుతున్నాడని వాళ్ల పీఈటీ సారు తెగ మురిసిపోతున్నాడు. స్టేట్ మీట్‌కి పంపిద్దామంటున్నాడు. మీరేమంటారు?"

"మగపిల్లలకి 800తో ఏం పనండీ? పోలీసులోనూ లేదు, ఆర్మీలోనూ లేదు. 1600కి మార్పించండి" అన్నాను.

"అదీ అడిగాను సార్. నాలుగున్నర నిమిషాల్లోపే వచ్చేస్తున్నాడంట."

"మరి ఇంకా రెండు నిమిషాల నలభయ్యయిదు సెకన్లు ఖాళీగా ఉన్నాయి కదా. రన్నింగ్ మాన్పించి ఆ టైంలో రీజనింగ్ చదివించండి."

ఆయన తల గోక్కున్నాడు. "వయసు రావడానికే ఇంకా రెండేళ్లుంది సార్, అప్పటిదాకా?"

"అప్పటిదాకా కదలనివ్వకండి. మోకాళ్లు అరిగిపోతాయి."