"అందరికీ 24 గంటలే" అన్న మాటలో తప్పెక్కడ?

వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్లుగా తిరుగుతున్న మెసేజ్ ఒకటుంది. కోటీశ్వరుడికైనా కూలీకైనా రోజుకు 24 గంటలే, టైం లేదనడం వట్టి సాకు. తెల్లవారుజామున 4కే లేవండి. అమెరికా మాజీ అధ్యక్షుడు ఐజన్‌హోవర్ గీసిన నాలుగు గడుల పట్టికలో ఏది అర్జెంటు, ఏది ముఖ్యం అని విడదీసి పనులు రాసుకోండి. 21 రోజులు వరసగా చేస్తే అలవాటైపోతుంది, ఒక్కరోజు తప్పినా మళ్లీ మొదటికే. ఇదీ దాని సారాంశం. ఇది చదివి తప్పంతా తమదేనని కుమిలిపోయేవాళ్లను చూశాను, అందుకే ఈ జవాబు.

ముందు 24 గంటల సంగతి. గడియారం అందరికీ ఒకటే. అందులో మన చేతిలో ఉండేవి ఎన్ని గంటలన్నదే ప్రశ్న. ఎవరు ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో తెలుసుకోవడానికి కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన టైం యూజ్ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్లు 88. 2019లో ఈ లెక్క 299, 97. అంటే అప్పటి తేడా 202 నిమిషాలు, ఇప్పటిది 201. ఐదేళ్లలో తగ్గింది ఒక్క నిమిషం!

హైదరాబాద్‌లో రోజు విడిచి రోజు కుళాయి వచ్చే వీధిలో ఉద్యోగం చేసే ఒక ఇల్లాలి పొద్దుటిపూట ఎలా ఉంటుందో చూడండి. నీళ్లు వదిలే వేళకు లేచి డ్రమ్ము నింపాలి. అది నిండేలోపు పాలు పొంగకుండా చూసుకోవాలి, కుక్కర్ దించాలి, బాక్సులు కట్టాలి. స్కూల్ ఆటో హారన్ కొట్టేలోపు పాపకు జడ వేయాలి. ఇందులో ఏ పనినీ రేపటికి వాయిదా వేయలేం. అలాంటి మనిషికి "టైం లేదనడం సాకు" అని చెప్పడం అన్యాయం.

ఇక 4 గంటలకు లేవడం. పెద్దవాళ్లకు కనీసం 7 గంటల నిద్ర కావాలని డాక్టర్లు చెబుతారు. ఇంటర్ చదివే పిల్లలకైతే 8 నుంచి 10. రాత్రి పదకొండుకు గిన్నెలు తోమి పడుకున్న మనిషి నాలుగింటికి లేస్తే దక్కేది ఐదు గంటలే. మన తాతలు కోడికూతకు లేచేవారంటారు. చీకటి పడ్డ కాసేపటికే పడుకునేవారు కూడా! ఆ సగం మాత్రం మెసేజ్‌లో ఉండదు.

ఐజన్‌హోవర్ విషయానికొస్తే, ఆయన 1954లో అమెరికాలోని ఇవాన్‌స్టన్‌లో మాట్లాడుతూ అర్జెంటు పనులు వేరు, ముఖ్యమైనవి వేరు అన్నారు. అదీ ఒక కాలేజీ మాజీ అధ్యక్షుడి మాటగానే చెప్పారు. దాన్ని గడుల పట్టికగా జనంలోకి తెచ్చింది తర్వాత వచ్చిన మేనేజ్‌మెంట్ పుస్తకాలు. పట్టిక పనికిరాదని నేననను. అయితే అందులో "వేరేవాళ్లకు అప్పగించండి" అనే గడి ఉంటుంది. అమెరికా అధ్యక్షుడికి అప్పగించడానికి సిబ్బంది ఉన్నారు. మన ఇళ్లలో ఆ గడి ఖాళీగానే ఉండిపోతోంది. నిజంగా టైం మిగలాలంటే మొదలుపెట్టాల్సింది అక్కడే. ఆదివారం సాయంత్రం అందరూ కూర్చుని, కుళాయి ఎవరిది, బాక్సులు ఎవరివి, కరెంటు బిల్లు ఎవరిది అని పని పక్కన పేరు రాసి ఫ్రిజ్ మీద అంటించండి. "సాయం చేస్తాను" అంటే చాలదు, ఆ పని గుర్తుపెట్టుకునే బాధ్యత కూడా ఆ పేరుదే కావాలి. చెప్పి చేయించుకోవడం కూడా ఒక పనే, అది ఏ లెక్కలోకీ రాదు.

చివరగా 21 రోజులు. ఈ అంకె 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాసిన పుస్తకం నుంచి వచ్చింది. ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటుపడటానికి రోగులకు కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించారు. "కనీసం" అన్న మాట దారిలో ఎక్కడో పోయింది. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 96 మందిని గమనిస్తే, రోజువారీ అలవాటు కుదరడానికి ఒక్కొక్కరికి 18 నుంచి 254 రోజుల దాకా పట్టేలా ఉందని, మధ్యస్థంగా 66 రోజులని తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం జరగలేదని కూడా వాళ్లు చూశారు. కాబట్టి పిల్లాడికి జ్వరం వచ్చో, చుట్టాలు వచ్చో ఒకరోజు తప్పితే టెన్షన్ పడకండి, మర్నాడు ఆపిన చోటి నుంచే కొనసాగించండి.