ఎఫ్ అక్షరంతో మాటలు చెప్పమంటే

మూడేళ్ల క్రితం అమ్మను జ్ఞాపకశక్తి పరీక్షకు తీసుకెళ్లాను. "ఎఫ్ అక్షరంతో మొదలయ్యే మాటలు నిమిషంలో ఎన్ని వస్తే అన్ని చెప్పండి" అన్నారు ఇంగ్లీషులో. అమ్మ నా వైపు తిరిగి "ఏమంటోందిరా ఆవిడ?" అంది. తెలుగులో చెప్పాను. చెప్పాక నాకే నోట మాట రాలేదు. ఆ శబ్దంతో మొదలయ్యే అచ్చ తెలుగు మాట ఒక్కటైనా ఉందా? అమ్మ కాసేపు ఆలోచించి "ఫ్యాను, ఫోను" అని ఊరుకుంది.

మోకా అనే ఆ పరీక్షకు మొత్తం 30 మార్కులు. ఆ ప్రశ్నకు మార్కు రావాలంటే కనీసం 11 మాటలు చెప్పాలి. తెలుగులోకి మార్చిన పరీక్షలు లేకపోలేదు. కానీ విదేశాల్లో ఉంటున్న మన పెద్దవాళ్లలో చాలామందికి ఎదురయ్యేది పరభాషలో ప్రశ్న, పక్కన దుబాసీగా కొడుకో కూతురో. ఆ దుబాసీ టెన్షన్ పడ్డవాళ్లకే తెలుస్తుంది. ఒక మాట అందిస్తే మార్కు పెరుగుతుంది, జబ్బు దాగిపోతుంది. అందించకుండా ఉండటానికి మనసొప్పదు. అమ్మకు తక్కువ మార్కులొచ్చాయి. రక్తపరీక్ష చేయిస్తే బీ12 విటమిన్ బాగా తగ్గిందని తేలింది, ఆ తర్వాత చెవులు కూడా సరిగా వినిపించడం లేదని తెలిసింది. మందులు వాడి, వినికిడి యంత్రం పెట్టించి, ఆర్నెల్ల తర్వాత తెలుగులో పరీక్ష చేయిస్తే మామూలుగానే ఉంది. ఆ ఆర్నెల్లూ ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు.

అప్పటినుంచి మెదడు తరంగాలతో డిమెన్షియాను, అంటే మతి క్షీణించే జబ్బును, ముందే పసిగట్టే పరిశోధనల గురించి ఆశగా చదువుతున్నాను. తలకు అంటించిన ఎలక్ట్రోడ్లు ఎవరినీ ఎఫ్‌తో మాటలు చెప్పమనవు.

1924లో జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు మొదటిసారి మనిషి మెదడు తరంగాలను నమోదు చేశాడు. కళ్లు మూసుకుని ప్రశాంతంగా కూర్చున్నప్పుడు తల వెనుక భాగంలో సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే తరంగాలకు ఆల్ఫా అని పేరు పెట్టిందీ ఆయనే. డిమెన్షియాల్లో ఎక్కువగా కనిపించే అల్జీమర్స్ వచ్చినవాళ్లలో ఈ లయ మందగిస్తుంది. ఆల్ఫా బలం తగ్గుతుంది, సెకనుకు 4 నుంచి 8 సార్లు ఊగే తీటా తరంగాలు పెరుగుతాయి. కణాల మధ్య లంకెలు తెగిపోతున్న కొద్దీ మెదడులోని ఒక ప్రాంతానికీ మరో ప్రాంతానికీ పొత్తు కుదరదు. చిక్కేమిటంటే ఇవి మైక్రోవోల్టుల్లో కొలిచేంత చిన్న సంకేతాలు. కునుకు పట్టినా తరంగాలు నెమ్మదిస్తాయి, కొన్ని మందుల వల్లా నెమ్మదిస్తాయి, వయసుతో కూడా కొంత మారతాయి. జబ్బు తొలిదశలో తేడా ఎంత సన్నగా ఉంటుందంటే, అనుభవమున్న డాక్టరు కంటికి కూడా అది ఆనకపోవచ్చు. మెషీన్ లెర్నింగ్ అవసరం ఇక్కడే. తల మీద పంతొమ్మిది చోట్ల నుంచి వచ్చే సంకేతాల్లో ఏ లయ ఎంత ఉంది, ఏది దేనితో కలిసి ఊగుతోంది అని వేలాది కొలతలు తీసి, జబ్బున్నవారికీ లేనివారికీ మధ్య తేడాను కంప్యూటరు నేర్చుకుంటుంది.

బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో ప్రచురించిన ఫాస్ట్‌బాల్ అనే పద్ధతి నన్ను బాగా కదిలించింది. ముందు కొన్ని బొమ్మలు చూపిస్తారు. తర్వాత సెకనుకు మూడు చొప్పున బొమ్మలు గబగబా తెర మీద వస్తుంటాయి, మధ్యమధ్యలో ముందు చూసినవి కలుస్తాయి. చూస్తూ కూర్చోవడం తప్ప మనిషి చేయాల్సింది ఏమీ లేదు. చూసిన బొమ్మ వచ్చినప్పుడల్లా దాన్ని గుర్తుపట్టిన మెదడు దానంతటదే స్పందిస్తుంది, ఈఈజీలో, అంటే మెదడు తరంగాల రికార్డింగులో, అది కనిపిస్తుంది. అల్జీమర్స్ ఉన్నవాళ్లలో ఆ స్పందన బాగా తగ్గింది. మూడు నిమిషాల పని. చదువు తక్కువైనవాళ్లకు, మాట పెగలనివాళ్లకు, పరాయి భాష మధ్య బతుకుతున్నవాళ్లకు ఇంతకన్నా మర్యాదైన పరీక్ష నాకు తట్టడం లేదు.

మనకు సంబంధించిన ఇంకో సంగతి ఉంది. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని తేల్చింది. ఇది సంతోషించాల్సిన విషయమే. కానీ నాకు ఇందులో ఇంకోటి కూడా కనిపిస్తోంది. బాగా సాధన చేసిన మెదడు లోపల జబ్బు ముదురుతున్నా చాలాకాలం నెట్టుకొస్తుందేమో. అలాంటప్పుడు మాటలతో చేసే పరీక్షలో అది ఆలస్యంగా బయటపడుతుంది. అల్జీమర్స్‌లో అమిలాయిడ్ అనే ప్రొటీన్ మెదడులో పోగవడం లక్షణాలకు 15, 20 ఏళ్ల ముందే మొదలవుతుందని తెలుసు కాబట్టి, లోపలి సంకేతాలను నేరుగా వినే దారి మనకు మరీ ముఖ్యం.

ఇంత ఆశ పెట్టుకున్నాను కాబట్టే "98 శాతం కచ్చితత్వం" లాంటి మాటలు వింటే భయమేస్తుంది. గ్రీసులోని థెస్సలోనికిలో నమోదు చేసి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచిన ఒక ఈఈజీ సేకరణ ఉంది. ఎందరో పరిశోధకులు దాని మీదే తమ ప్రోగ్రాములకు తర్ఫీదు ఇస్తున్నారు. అందులో ఉన్నది 88 మంది: అల్జీమర్స్ ఉన్నవాళ్లు 36, ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా అనే మరో రకం జబ్బు ఉన్నవాళ్లు 23, ఆరోగ్యవంతులు 29. ఆ సేకరణ చేసినవాళ్లది గొప్ప ఉపకారం. వాడుకునేవాళ్లలో కొందరు మాత్రం ఒక పొరపాటు చేస్తారు. ఒక్కొక్కరి రికార్డింగును కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, అన్నీ కలిపేసి, కొన్నిటితో నేర్పించి మిగతావాటితో పరీక్షిస్తారు. దాంతో ఒకే మనిషి ముక్కలు రెండు వైపులా ఉంటాయి. ప్రతి తలకూ దాని పుర్రె మందం, దాని తరంగాల తీరు వేరు. కంప్యూటరు ఆ తలను గుర్తుపట్టి, జబ్బును గుర్తుపట్టానంటుంది. మనిషి మనిషినీ విడదీసి, ఎన్నడూ చూడని వ్యక్తుల మీద పరీక్షిస్తే చాలాసార్లు ఆ శాతం బాగా పడిపోతుంది.

నిజంగానే 90 శాతం సరిగ్గా చెప్పే పరీక్ష వచ్చిందనుకుందాం. వెయ్యి మంది పెద్దవాళ్లకు చేశాం, వారిలో 50 మందికి జబ్బు ఉంది. 45 మందిని పట్టుకుంటుంది. మిగతా 950 మందిలో 95 మందికి లేని జబ్బు ఉందంటుంది. అంటే "ఉంది" అని విన్న 140 మందిలో 95 మంది అనవసరంగా కుమిలిపోతారు. ఆ ఆర్నెల్లు ఎలా ఉంటాయో మా ఇంట్లో చూశాం. అందుకే ఇలాంటి ఫలితాన్ని మరిన్ని పరీక్షలకు దారిగానే చూడాలి. బీ12, థైరాయిడ్, వినికిడి, డిప్రెషన్, వాడుతున్న మందులు అన్నీ చూడాలి, అవసరమైతే రక్తంలో అల్జీమర్స్ జాడ చూసే పీ-టావ్ పరీక్షో స్కానో చేయించాలి. మెదడు తరంగాలు కొలుస్తుందని ఆన్‌లైన్‌లో కొన్న హెడ్‌బ్యాండ్ అమ్మానాన్నల తలకు పెట్టి ఇంట్లో తీర్పు చెప్పే పని దయచేసి ఎవరూ చేయకండి.

ముందే తెలుసుకుని ఏం చేస్తామని అడిగేవాళ్లున్నారు. 2023లో అమెరికాలో పూర్తి ఆమోదం పొందిన లెకానెమాబ్ అనే అల్జీమర్స్ మందు తొలిదశలో ఉన్నవారికే పనికొస్తుంది. ప్రయోగంలో అది 18 నెలల్లో క్షీణతను 27 శాతం నెమ్మదింపజేసింది. మెదడు వాపు, రక్తస్రావం ప్రమాదాలూ దానికి ఉన్నాయి. నా దృష్టిలో మందు కన్నా పెద్ద లాభం వేరే ఉంది. ఆస్తి, వైద్యం, ఎవరి దగ్గర ఉండాలి అన్న నిర్ణయాలు మనిషి తన నోటితో తానే చెప్పుకునే వ్యవధి దొరుకుతుంది.

మన తెలుగు సంఘానికి నా మనవి ఒక్కటే. డిమెన్షియాతో ఉన్నవాళ్లు 2021 నాటికే ప్రపంచంలో 5.7 కోట్ల మంది. కంప్యూటరుకు నేర్పుతున్నది మాత్రం పదుల్లో, వందల్లో ఉన్న తలలతో. వాటిలో మన పెద్దవాళ్లు ఎందరు? జబ్బున్నవారే కాదు, ఆరోగ్యంగా ఉన్నవారు కూడా పరిశోధనల్లో చేరాలి, వాళ్లు లేకపోతే తేడా నేర్చుకోవడం కుదరదు. ఆరోగ్య శిబిరాలకు దగ్గర్లోని విశ్వవిద్యాలయాల పరిశోధకులను పిలుద్దాం. అంగీకార పత్రం తెలుగులో ఉండాలని అడుగుదాం. రికార్డింగులు ఎవరి దగ్గర ఉంటాయో, బీమా కంపెనీలకు చేరకుండా ఏం చేస్తారో రాతపూర్వకంగా తీసుకుందాం. చిలీ 2021లో మెదడు సమాచారానికి రాజ్యాంగంలోనే రక్షణ కల్పించింది, అమెరికాలో కొలరాడో 2024లో చట్టం చేసింది. కాబట్టి మనం ఇలా అడగడం అత్యాశేమీ కాదు.

మొన్న అమ్మను అడిగాను, ఇలాంటి పరిశోధనలో కూర్చుంటావా అని. "మాట్లాడక్కర్లేదు కదా, కూర్చుంటాను" అంది. కాసేపాగి, "ఏం తేలినా ముందు నాకు చెప్పాలి. తర్వాతే నీకు" అంది. సరేనన్నాను.