ఒట్టావాలో అయిదు, విశాఖలో ఒకటే

సామాజిక ఆరోగ్య ప్రచారం చదవబోతున్న వారికి ముందుగా అభినందనలు. అమెరికాలో ఇది రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ, సుమారు 60 క్రెడిట్లు. మన దగ్గర డిప్లొమానో సర్టిఫికెట్టో అవుతుంది. ఎక్కడ చదివినా ఒట్టావా చార్టర్, అంటే 1986లో కెనడాలోని ఒట్టావాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సదస్సు వెలువరించిన ప్రకటన, తప్పదు. అందులో పనులు అయిదు: ఆరోగ్యానికి మేలు చేసే ప్రభుత్వ విధానాలు, అనుకూలమైన పరిసరాలు, జనం కలిసి పూనుకోవడం, మనిషికి నైపుణ్యాలు నేర్పడం, ఆరోగ్య సేవల తీరు మార్చడం. అయిదూ వరసగా రాస్తే మార్కులు. ఫీల్డుకెళ్ళాక మిగిలేది నాలుగోదొక్కటే. దాన్నీ 'చెప్పి రావడం' కింద తేల్చేశాం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సూత్రం సిలబస్‌లో లేకపోయినా అమల్లో ఉంది.

మొదటి మెట్టు ర్యాలీ. డెంగీ మీదైతే ఆర్కే బీచ్‌లో చెయ్యాలి. దోమ పెరిగే నీళ్ళ డ్రమ్ములుండేది కొండవాలు కాలనీల్లోనే, కానీ ఆ మెట్ల సందుల్లో బ్యానర్ పట్టదు, ఫొటోలో సముద్రం పడదు. బ్యానర్ మీద దోమ ముఖ్య అతిథి కన్నా చిన్నదిగా ఉండాలి. డెంగీని మోసే, కాళ్ళకు తెల్ల చారలున్న ఏడిస్ దోమ బొమ్మ దొరక్కపోతే ఏ దోమైనా పరవాలేదు. కింద 'రాత్రిళ్ళు దోమతెర కట్టుకోండి' అని రాయించాలి. ఏడిస్ కుట్టేది పగలు కదండీ అని అడిగే విద్యార్థికి ఇంటర్నల్స్‌లో భవిష్యత్తు లేదు.

తర్వాత సర్వే. 'డెంగీ ఎలా వస్తుంది?' అని అడిగి ఊరుకుంటే జనం తమకు తెలిసిందే చెబుతారు, రిపోర్టులో అవగాహన శాతం పడిపోతుంది. 'డెంగీ దోమ వల్ల వస్తుందని మీకు తెలుసు కదా?' అని అడిగితే అందరికీ తెలుసు. చేపలమ్మే ఆడవాళ్ళ పేటలో సమావేశం పదకొండింటికి పెట్టాలి. వాళ్ళు గంపలెత్తుకుని వెళ్ళిపోయి ఉంటారు కాబట్టి ఎదురు ప్రశ్నలు రావు.

అసలు విద్య శుక్రవారం డ్రై డేలో, అంటే నిలవ నీళ్ళు ఖాళీ చేసే రోజులో ఉంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది, అందుకే వారానికోసారి నీళ్ళు పారబోయమంటాం. లెక్క సరైనదే. అయితే ఏడిస్ గుడ్లు పెట్టేది నీటిమట్టానికి కాస్త పైన, డ్రమ్ము లోపలి తడి గోడకు. ఎండినా అవి నెలల తరబడి చావవు. మళ్ళీ నీళ్ళు తగిలితే పొదుగుతాయి. పీచుపెట్టి గోడ రుద్దకపోతే నీళ్ళే పోతాయి, గుడ్లుంటాయి. కరపత్రంలో 'పారబోయండి' పెద్దక్షరాల్లో ఉంటుంది, 'రుద్దండి' ఉండదు. పీచు ఖర్చు ఏ పద్దులో రాయాలో తేలకపోవడమే కారణం కావచ్చు.

పారబోయలేని నీళ్ళకు లార్వాను, అంటే దోమ పిల్లపురుగుల్ని, చంపే టెమిఫాస్ మందు ఉంది. ఒక శాతం గుళికలైతే పది లీటర్లకు గ్రాము చొప్పున 200 లీటర్ల డ్రమ్ముకు 20 గ్రాములు. ఫీల్డులో దీని కొలమానం చిటికెడు.

లార్వా కోసం చూసేటప్పుడు డ్రమ్ము కదిలినా, నీడ పడినా అవి గిరుక్కున అడుక్కి పోతాయి. టార్చి వేసి ఒక్క నిమిషం ఆగితే గాలి కోసం పైకొస్తాయి. ఆ నిమిషం ఆగకూడదు. తొంగిచూసి కదిలిపోతే హౌస్ ఇండెక్స్, అంటే వందిళ్ళలో లార్వా దొరికిన ఇళ్ళ సంఖ్య, హాయిగా సున్నాకు దిగుతుంది. ఇంత తక్కువ ఖర్చుతో డెంగీ తగ్గించే పద్ధతి మరొకటి లేదు.

ఏ ఇంట్లోనో ఒకావిడ "పారబోసేస్తే రేపటికి నీళ్ళు నువ్వు మోసుకొస్తావేటి బాబూ? కొళాయి ఎప్పుడొస్తాదో సెప్పు ముందు" అంటుంది. కంగారు పడొద్దు. ఫారంలో 'సహకరించలేదు' అన్న గడి దీనికే ఉంది. కొళాయి వేళలకు గడి లేదు. 'ఇతరములు' దగ్గర వేలెడు జాగా ఉంటుంది గానీ, అందులో ఏమైనా రాస్తే కంప్యూటర్‌లో ఎక్కించడం కష్టమని గైడుగారు ముందే చెప్పి ఉంటారు.