ఫైర్ పిట్‌కి గాలి రంధ్రాలు అడుగునే ఉండాలి

హైదరాబాద్ దగ్గర మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్‌లలో పూల్ పక్కన ఫైర్ పిట్ (చుట్టూ కూర్చుని చలి కాచుకునే మంట గుంట) కట్టించుకోవడం గురించి మీ వ్యాసంలో బాగా రాశారు. కానీ గ్యాస్ సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు, అది సరిపోదు. సిలిండర్‌లో వచ్చే ఎల్‌పీజీ గాలి కన్నా బరువు. లీకైతే పైకి పోదు, గుంట అడుగునే పేరుకుంటుంది. అందుకే గుంట గోడ కింది వరసలోనే ఎదురెదురుగా గాలి రంధ్రాలు వదలాలి. పూల్ పంపు గది పల్లంలో ఉంటే ఫైర్ పిట్‌ని దానికి దూరంగా పెట్టండి. లీకైన గ్యాస్ అక్కడికి చేరితే, స్విచ్ వేసినప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. ఇంకోటి, దయచేసి అందులో వాగు గులకరాళ్లు పోయకండి. లోపల తేమ ఉంటే వేడికి పగిలి ముక్కలు ఎగురుతాయి. పిల్లలు తడి ఒంటితో చుట్టూ చేరే చోటు కదా! బదులుగా లావా రాయి (అగ్నిపర్వతపు రాయి) వేయించండి. నేలకి మాత్రం పాలిష్ గ్రానైట్ వద్దు, ఫ్లేమ్డ్ ఫినిష్ (మంటతో కాల్చి గరుకు చేసినది) అయితే తడిలో అంతగా జారదు.