రెండో ర్యాంకు వచ్చినా పట్టించుకునేవాళ్లే లేరు

తెలంగాణకు దేశంలో రెండో ర్యాంకు వస్తే ఊళ్లో ఒక్క ఫ్లెక్సీ కూడా కట్టలేదు. కేంద్రం ఏటా బడుల వివరాలు సేకరించే యూడైస్ 2024-25 లెక్కల ప్రకారం ఒక్క పిల్లాడూ చేరని బడులు దేశం మొత్తంలో 7,993. అందులో 2,245 మనవే. 3,812 బడులతో పశ్చిమ బెంగాల్ ముందుంది గానీ, మనసు పెడితే అదెంత దూరం?

ఈ బడుల్ని చూసి కొందరు ఎందుకు బాధపడుతున్నారో నాకు అంతుపట్టడం లేదు. మధ్యలో బడి మానేసేవాళ్లు లేరు. ఐదో తరగతి వాడికి రెండో తరగతి పాఠం చదవడం రాదని సర్వేలవాళ్లు అల్లరి పెట్టే అవకాశమే లేదు. మరుగుదొడ్లకు నీళ్లక్కర్లేదు. వారానికి మూడు గుడ్ల ఖర్చు మిగులు, పైగా వంటమ్మకు బిల్లు బాకీ పడే టెన్షన్ ఉండదు. ముప్పై మందికి ఒక టీచరుండాలన్న చట్టం సంగతంటారా, సున్నా మంది పిల్లలకు 1,016 మంది టీచర్లను ఇచ్చాం. ఇంతకన్నా ఉదారంగా ఏ సర్కారుంటుంది?

అయినా జూన్ రాగానే బడిబాట తప్పదు. మా మున్సిపాలిటీలో సార్లూ మేడమ్‌లూ బ్యానర్ పట్టుకుని పొద్దున్నే వార్డుల్లో తిరుగుతారు. రెండు జతల యూనిఫాం, పుస్తకాలు, ఇంగ్లిష్ మీడియం, అన్నీ ఉచితమని చెబుతారు. నల్లా దగ్గర బిందె పెట్టిన ఒకావిడ అంతా విని, "మరి మీ పిల్లలు ఏ బడికి పోతరు సారూ?" అంది. సారు బ్యానర్ సరిచేసుకున్నారు. ఈలోగా పసుపు బస్సొచ్చింది. టై వంకరపోయి, కిటికీకి తలానించి నిద్రపోతున్నాడొక ఎల్‌కేజీ అబ్బాయి. వాడికప్పుడే ఐఐటీ ఫౌండేషన్ మొదలైందట.

తమాషా ఏమిటంటే, ఆ బస్సు చేరే బడిలో పాఠం చెప్పే అమ్మాయి సాయంత్రాలు డీఎస్సీకి చదువుకుంటూ ఉంటుంది. డీఎస్సీ కొట్టినవాళ్లు ఉచితంగా చెబుతామంటే వద్దని, ఇంకా కొట్టనివాళ్లకు ఫీజు కట్టి పంపుతున్నాం. తల్లిదండ్రుల్ని తెలివితక్కువవాళ్లని అందామా అంటే నోరు రాదు. ఐదు తరగతులకు ఒక్కరే సారు. ఆయన్ని కూడా 2024 నవంబరులో కులగణనకు పంపి, ప్రాథమిక బడుల్ని ఒంటిపూట చేశాం. ఓటర్ల జాబితా పని వేరే. మిగిలిన తీరికలో చదువు చెప్పొద్దని ఎవరూ అనలేదు.

ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్లంతా తమ పిల్లల్ని సర్కారు బడికే పంపాలని 2015లో అలహాబాద్ హైకోర్టు ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. అదృష్టవశాత్తూ అమలు కాలేదు. అయి ఉంటే అక్కడి కలెక్టర్లే బడి పెచ్చులు లెక్కపెట్టాల్సి వచ్చేది.

మా వార్డు బడిలో ఇంకా కొందరు పిల్లలు మిగిలిపోయారు. ఎంఈవో గారు దయతలచి ఉన్న ఒక్క సారునూ డిప్యుటేషన్ మీద ఎక్కడికైనా పంపితే, వచ్చే జూన్ 12 నాటికి మేమూ జాబితాకెక్కుతాం.