గోడ కట్టినవాడి గోడు

వాయిస్‌మెయిల్ యంత్రాలమ్మే కంపెనీల మీద జాలిపడేవాళ్లు లోకంలో ఎవరూ మిగల్లేదు. ఆ బరువు ఈ కాలమ్ నెత్తికెత్తుకుంటోంది.

1990లలో అమెరికా ఆఫీసుల్లో పీబీఎక్స్ (ఆఫీసు సొంత ఫోన్ ఎక్స్ఛేంజి) పక్కన ఒక పెట్టె ఉండేది. మనం ఎత్తని ఫోన్ అది ఎత్తి, సందేశం రికార్డు చేసి, బల్ల మీది ఫోనుకు దీపం వెలిగించేది. ఎన్ని పోర్టులు (ఒకేసారి ఎన్ని కాల్స్ ఎత్తగలదన్నమాట), ఎన్ని గంటల నిల్వ అన్నదాన్ని బట్టి ధర. ఆక్టెల్ అనే కంపెనీ పెట్టెలు తమలో తాము చక్కగా కబుర్లాడుకునేవి. పక్క కంపెనీ పెట్టె ఎదురైతే మాత్రం పరాయి కులం వాళ్లను చూసినట్టు మొహం తిప్పేసుకునేవి. వ్యాపారమంటే అదీ! ఒక ఊరి శాఖలో ఆక్టెల్ పెట్టాక రెండో ఊళ్లో ఇంకో కంపెనీది పెట్టే ధైర్యం ఏ మేనేజరుకుంటుంది?

90ల మొదట్లో వేర్వేరు కంపెనీల పెట్టెలు సందేశాలు ఇచ్చిపుచ్చుకోవడానికి ఆమిస్ అనలాగ్ అని ఒక ప్రమాణం వచ్చింది. బుద్ధిమంతురాలు. ఒక పెట్టె రెండో పెట్టెకు మామూలుగా ఫోన్ చేసి, ఏ మెయిల్‌బాక్సుకో టోన్లు నొక్కి చెప్పి, సందేశాన్ని లైన్లో వినిపిస్తుంది. అవతలిది మళ్లీ రికార్డు చేసుకుంటుంది. మూడు నిమిషాల సందేశానికి మూడు నిమిషాలూ ఇటొక పోర్టు, అటొక పోర్టు ఇరుక్కుపోతాయి. అదే సందేశం పదిమందికైతే పదిసార్లు వినిపించాలి, అంటే అరగంట. మళ్లీ మళ్లీ రికార్డయ్యేసరికి గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది. పోర్టులు చాలడం లేదని కస్టమర్ మొరపెట్టుకుంటే ఇంకో నాలుగు అమ్మొచ్చు. ఇలాంటి ప్రమాణాలకు ఏ కంపెనీ అడ్డు చెబుతుంది?

ఉపద్రవం 1996 ఫిబ్రవరిలో, ఆర్‌ఎఫ్‌సీ 1911 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం రూపంలో వచ్చింది. పేరు వీపీఐఎం. వాయిస్ సందేశాన్ని మామూలు ఈమెయిల్‌లా, ఈమెయిల్ నడిచే ఎస్‌ఎంటీపీ పద్ధతి మీదే పంపేయమంది. శబ్దాన్ని కుదించే ఏడీపీసీఎం పద్ధతిలో, సెకనుకు 32 కిలోబిట్ల చొప్పున, నిమిషం మాట 240 కిలోబైట్లు. ఈమెయిల్లో పట్టేలా బేస్64 అక్షరాల్లో చుడితే 320. ఆనాటి ఆఫీసుల టీ1 డేటా లైను ఖాళీగా ఉంటే రెండు సెకన్ల పని. పదిమందికి పంపాలంటే చిరునామాలు పది వరుసలు, శబ్దం ఒక్కసారే. పంపినవాడి చిరునామా కూడా వెంట వస్తుంది కాబట్టి, అవతలివాడు ఏ కంపెనీ పెట్టెలోంచైనా జవాబివ్వొచ్చు. ఘోరం. ఇంతకీ ఆ పత్రం రాసినవారి చిరునామా చూస్తే ఆక్టెల్ నెట్‌వర్క్ సర్వీసెస్. కంచే చేను మేసింది.

మిగిలిన విక్రేతల కోసం కొన్ని హితవాక్యాలు. ప్రమాణాన్ని ఎన్నడూ కాదనకండి. బ్రోచర్లో ‘వీపీఐఎం ఉంది’ అని వేసి, దాన్ని వేరే లైసెన్సుగా అమ్మండి. నాలుగంకెల మెయిల్‌బాక్స్ ఏ డొమైన్‌లో ఉందో చెప్పే పట్టికను రెండు వైపులా చేత్తోనే నింపనివ్వండి. ఒక్క కొత్త శాఖ తెరిస్తే చాలు, వారం రోజులు సందేశాలు తిరిగొస్తాయి. ఏడీపీసీఎంలో ఒక బైటులో రెండు శాంపిళ్లు (శబ్దపు ముక్కలు) కూర్చుంటాయి. ఏది ముందన్నది తారుమారైతే మాట పోయి గరగర మిగులుతుంది. తప్పు అవతలి పెట్టెదేనని ఇద్దరూ అనొచ్చు. ఇంకో వరం: ‘ప్రైవేట్’ అని గుర్తు వేసిన సందేశాన్ని అలా దాచలేని పెట్టె దాన్ని తిప్పి పంపాలని ప్రమాణమే చెబుతోంది. కాబట్టి సందేశాలన్నిటికీ ప్రైవేట్ గుర్తును డిఫాల్టుగా పెట్టేయండి. నియమం తప్పకుండానే తలుపు మూసుకుంటుంది.

1997లో లూసెంట్ అనే ఫోన్ పరికరాల కంపెనీ 180 కోట్ల డాలర్లకు ఆక్టెల్‌ను కొన్నది. లూసెంట్‌కు అప్పటికే ఆడిక్స్ అని సొంత వాయిస్‌మెయిల్ పెట్టె ఉంది. ఆక్టెల్‌కీ దానికీ భాష కలవదు. మధ్యలో ఇంటర్‌చేంజ్ అని మూడో పెట్టె అమ్మారు. ఒకే ఇంట్లో ఇద్దరు కోడళ్లకు దుబాసీని పెట్టి, వాడి జీతం చుట్టాల దగ్గర వసూలు చేసినట్టు.

ఆ పెట్టెల కాలం చెల్లింది, గోడ కట్టే విద్య మాత్రం చల్లగా ఉంది. విజయవాడ నుంచి అమ్మ డల్లాస్‌లోని కొడుక్కి వాట్సాప్‌లో పంపే మాట ఓపస్ అనే ఆడియో ఫార్మాటే. టెలిగ్రామ్‌లో వాడు వినేదీ ఓపసే. అయినా ఇక్కడ రికార్డ్ నొక్కితే అక్కడ చేరదు. ఫైలు సేవ్ చేసి పంపడం చేతకాని వాళ్ల కోసం ఆమిస్ అనలాగ్ ఇంకా బతికే ఉంది. ఒక ఫోన్లో ప్లే నొక్కి, రెండో ఫోన్ మైకు దగ్గర పెట్టడమే. రెండు నిమిషాల సందేశానికి రెండు నిమిషాలు.